గోస్తని పుట్టిన కొండల్లో ఒక రోజు

తాటిపూడి జలాశయం కింద ఒక ఊరు ఉంది. ఆ ఊరి పొలాలకు గోస్తని నది నీళ్ళే ఆధారం. ఊళ్ళో ఒక పొదుపు సంఘం ఉంది. సంఘంలో పదకొండు మంది ఆడవాళ్ళు. రెండేళ్ళుగా వాళ్ళు సాయంత్రం పూట చదువుల కేంద్రానికి వెళుతున్నారు. ఇప్పుడు కూడబలుక్కుని చదవగలరు. సంతకం పెట్టగలరు. లెక్క చూసుకోగలరు.

అందరిలోకి పెద్దావిడను అందరూ పెద్దప్ప అంటారు. ఆవిడకు అరవై దాటాయి. సంఘం పుస్తకాలు రాసే ఆవిడను లీడరమ్మ అంటారు. అందరికన్నా చిన్నది, కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల. ఆమెను చిన్నకోడలు అంటారు.

ఒక రోజు కేంద్రంలో నదుల గురించి పాఠం చదివారు. చదివాక పెద్దప్ప అడిగింది.

"మన గోస్తని ఎక్కడ పుట్టింది?"

"అనంతగిరి కొండల్లోనంట" అంది లీడరమ్మ.

"ఇన్నేళ్ళుగా ఆ నీళ్ళు తాగుతున్నాను. దాని పుట్టిల్లు ఎలాగుంటాదో నాకు తెలీదు" అంది పెద్దప్ప.

ఆ మాట అందరికీ గుచ్చుకుంది. నెలనెలా కొంత డబ్బు పక్కన పెట్టారు. చలికాలం వచ్చింది. కోతలు అయ్యాయి. ఒక రోజు అరకు, బొర్రా చూసి రావాలని అనుకున్నారు. అరకులో ఒక వ్యాను మాట్లాడుకున్నారు. చూపించి చెప్పడానికి ఒక గైడును కూడా మాట్లాడుకున్నారు.

రైలు కొండ ఎక్కింది

తెల్లవారకముందే లేచారు. పులిహోర మూట కట్టుకున్నారు. శృంగవరపుకోట స్టేషనుకు చేరారు. విశాఖపట్నం నుంచి కిరండూల్ వెళ్ళే రైలు వచ్చింది. అందరూ ఎక్కారు. లీడరమ్మ టికెట్టు మీద ఊరి పేరు, తేదీ, మనుషుల లెక్క సరిచూసుకుంది.

ఈ రైలు మార్గం 1960 తరవాతి సంవత్సరాల్లో వేశారు. మనుషుల కోసం వేసింది కాదు. ఇప్పటి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో బైలడిలా అనే కొండలు ఉన్నాయి. అక్కడ ఇనుప రాయి దొరుకుతుంది. ఆ రాయిని విశాఖ ఓడరేవుకు తేవడానికి ఈ మార్గం వేశారు. అక్కడి నుంచి ఓడల్లో జపాను దేశానికి పంపేవారు. తరవాత మనుషులు ఎక్కే రైలు కూడా నడిపారు. 2017 నుంచి అద్దాల పెట్టె కూడా తగిలిస్తున్నారు. అందులో కూర్చుంటే కొండలు నాలుగు పక్కలా కనపడతాయి. మన సంఘం వాళ్ళు మామూలు పెట్టెలోనే కూర్చున్నారు. కిటికీ ఉంటే చాలు అనుకున్నారు.

బొడ్డవర దాటాక రైలు కొండ ఎక్కడం మొదలు పెట్టింది. ఒక పక్క నిలువు కొండ. ఇంకో పక్క లోయ. లోయలో మంచు పాలలా పరుచుకుని ఉంది. ఇంతలో ఒక్కసారిగా చీకటి పడింది. పిల్లలు కేకలు పెట్టారు. అది సొరంగం. కొండను తొలిచి రైలుకు దారి చేశారన్న మాట. ఈ మార్గం మొత్తం మీద అలాంటి సొరంగాలు 58 ఉన్నాయి.

ప్రతి స్టేషనులో పెద్ద బోర్డు ఉంది. పెద్దప్ప కిటికీలోంచి తల పెట్టి ఒక్కొక్కటే చదివింది.

"శి...వ...లిం...గ...పురం. టై...డా. చి...మి...డి...పల్లి."

"పెద్దప్పా, కింద అంకెలు కూడా ఉన్నాయి చూడు" అంది చిన్నకోడలు.

నిజమే. ప్రతి బోర్డు కింద ఒక అంకె ఉంది. స్టేషను మారినప్పుడల్లా ఆ అంకె పెరుగుతోంది.

"అది కిలోమీటర్ల లెక్కా?" అని అడిగింది ఒకామె.

ఎదురు సీట్లో కూర్చున్న ఒక మాస్టారు చెప్పారు. "కాదమ్మా. సముద్రం కన్నా ఈ చోటు ఎన్ని మీటర్ల ఎత్తున ఉందో ఆ అంకె చెబుతుంది."

ఇక అందరూ అంకెలు చదవడం మొదలు పెట్టారు. బొర్రా గుహలు, కరకవలస దాటాయి. శిమిలిగుడ వచ్చింది. అక్కడ అంకె 996 మీటర్లు దాటింది. అంటే సుమారు మూడు వేల రెండు వందల డెబ్బై అడుగులు. ఒకప్పుడు దేశంలో బ్రాడ్‌గేజి స్టేషన్లన్నిటిలోకి ఇదే ఎత్తయినది. ఇప్పుడు కాశ్మీరులో అంతకన్నా ఎత్తయిన స్టేషన్లు ఉన్నాయి.

"అందుకే ఇంత చలి" అని పెద్దప్ప దుప్పటి కప్పుకుంది. ఆ మాటా నిజమే. పైకి వెళ్ళే కొద్దీ గాలి చల్లబడుతుంది. వెయ్యి మీటర్లు ఎక్కితే వేడి సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది.

కొండవాడినే అమ్మా

అరకు స్టేషనులో గైడు ఎదురు వచ్చాడు. పాతికేళ్ళ కుర్రవాడు. అందరికీ దణ్ణం పెట్టాడు. వ్యాను ఎక్కించాడు.

"అమ్మా, ఇప్పుడు మీరున్నది అల్లూరి సీతారామరాజు జిల్లా. 2022లో కొత్తగా ఏర్పడింది. అంతకు ముందు ఇది విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 1922 నుంచి 1924 దాకా ఈ మన్యంలో బ్రిటిషు వాళ్ళ మీద పోరాడిన ఆయన పేరే జిల్లాకు పెట్టారు" అని చెప్పాడు.

రోడ్డు పక్కన వలిసె చేలు పసుపు ఆరబోసినట్టు ఉన్నాయి. వలిసె గింజల నుంచి నూనె తీస్తారు. చేలో కొందరు ఆడవాళ్ళు పని చేస్తున్నారు. వాళ్ళను చూసి ఒకామె అంది.

"ఈ కొండోళ్ళకి చదువూ సంధ్యా ఎక్కడివిలే బాబూ!"

గైడు నవ్వాడు. "నేనూ కొండవాడినే అమ్మా. ఈ పక్క ఊరే మాది. డిగ్రీ చదివాను."

వ్యానులో ఎవరూ మాట్లాడలేదు. ఆ మాట అన్నామె తల దించుకుంది. కాసేపటికి పెద్దప్ప అంది.

"మొన్నటిదాకా మనల్ని ఏటనేవారే? వేలిముద్ర వాళ్ళు అనేవారు. బ్యాంకులో వరసలోంచి పక్కకి నిలబెట్టేవారు. అప్పుడు మనకి ఎలాగుండేది?"

ఆమె గైడు వంక చూసింది. "తప్పుగా అనేశాను బాబూ" అంది.

"పరవాలేదమ్మా. మీరు అడగండి. నేను చెబుతాను" అన్నాడు గైడు.

అరకులో గిరిజన మ్యూజియం ఉంది. 1996లో పెట్టారు. అక్కడ గిరిజనుల ఇళ్ళు, వంట పాత్రలు, వేట సామాను, నగలు, వాయిద్యాలు చూపించారు. ఈ కొండల్లో బగత, వాల్మీకి, కొండదొర, కొటియా, పోర్జ, గదబ, కోదు మొదలైన తెగల వాళ్ళు ఉన్నారు. కొన్ని తెగలకు సొంత భాషలు ఉన్నాయి. వాళ్ళు ఇంట్లో ఆ భాష మాట్లాడతారు. సంతలో తెలుగో, ఒడియానో మాట్లాడతారు.

"అంటే వీళ్ళకి రెండు మూడు భాషలు వచ్చు. మనకి ఒక్కటే" అంది లీడరమ్మ.

భోజనాలయ్యాక థింసా ఆట చూశారు. ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు చేతులు పెనవేసుకుని వరసగా నిలబడ్డారు. డప్పు, తుడుము, మోరి వాయిస్తుంటే అడుగు కలిపి గుండ్రంగా తిరిగారు. ఒక్కరి అడుగు తప్పినా వరస చెదురుతుంది. చిన్నకోడలు వెళ్ళి వరసలో చేరింది. మొదట తడబడింది. పక్కామె గట్టిగా పట్టుకుని నడిపించింది. నాలుగు చుట్లు తిరిగేసరికి అడుగు కలిసింది.

కాఫీ తోటలో పట్టా కాగితం

వ్యాను బొర్రా వైపు బయలుదేరింది. దారిలో ఒక కాఫీ తోట దగ్గర ఆగింది. పైన పొడవాటి సిల్వర్ ఓక్ చెట్లు. వాటి మానుకు మిరియాల తీగలు. చెట్ల నీడలో కాఫీ మొక్కలు. కాఫీ మొక్కకు నీడ కావాలి. అందుకే చెట్లు కొట్టకుండా పెంచుతారు. పండిన కాయ ఎర్రగా ఉంటుంది. ఎర్రని కాయలే ఏరి కోయాలి. పై తొక్క తీసి, కడిగి, ఎండబెట్టాలి. లోపల ఉన్నది కాఫీ గింజ. అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే వేరే చోట పండించిన గింజను ఆ పేరుతో అమ్మకూడదు.

తోటలో ఒక గిరిజన స్త్రీ కాయలు కోస్తోంది. గైడు ఆమెను అత్తా అని పిలిచాడు. ఆమె అందరికీ చాప వేసింది.

"ఈ తోట ఎవరిదమ్మా?" అని అడిగింది లీడరమ్మ.

"మాదే. నాదీ, మా ఇంటాయనదీ" అంది ఆమె. లోపలికి వెళ్ళి ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చింది. సంచిలో ఒక కాగితం ఉంది. పట్టా కాగితం. లీడరమ్మ చదివింది. అందులో భర్త పేరుతో పాటు ఆమె పేరు కూడా ఉంది.

గైడు వివరంగా చెప్పాడు. "2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. తరతరాలుగా అడవిలో సాగు చేసుకునే వాళ్ళకు ఆ భూమి మీద హక్కు ఇచ్చారు. భార్యాభర్తలు ఉంటే పట్టా ఇద్దరి పేరు మీదా రాయాలి. అది చట్టంలోనే ఉంది."

ఆమె పట్టా మడిచి ఒళ్ళో పెట్టుకుంది. "ఇది మిగిలింది. కింద పల్లంలో మా అత్తకు మంచి భూమి ఉండేదంట. ఉప్పుకీ, బట్టలకీ షావుకారు దగ్గర అప్పు చేసింది. అతను ఏదో కాగితం తెచ్చాడు. అత్త వేలిముద్ర వేసింది. అప్పు కాగితమే అనుకుంది. అది భూమి కాగితం" అంది.

పెద్దప్ప చాలాసేపు మాట్లాడలేదు. తరవాత మెల్లగా అంది. "మా అయ్యదీ అదే కథ తల్లీ. నలభై సెంట్లు. మాకు పైన కొండా లేదు, కింద పల్లమూ లేదు. అందుకే ఈ వయసులో పలక పట్టాను."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ గిరిజన స్త్రీ గుప్పెడు మిరియాలు తెచ్చి పెద్దప్ప కొంగులో పోసింది.

ఇలాంటి మోసాలు ఆపడానికే 1970లో ఒక చట్టం గట్టి చేశారు. దాన్ని వన్ ఆఫ్ సెవెంటీ చట్టం అంటారు. ఈ ప్రాంతాన్ని షెడ్యూల్డ్ ప్రాంతం అంటారు. ఇక్కడ భూమిని గిరిజనులు కాని వాళ్ళు కొనకూడదు. రాయించుకోకూడదు. రాయించుకున్నా చెల్లదు.

బొర్రా గుహలు

సాయంత్రం కావస్తుండగా బొర్రా చేరారు. గుహ నోరు చూసి అందరూ ఆగిపోయారు. పెద్ద గుడి గోపురం పట్టేటంత ఉంది. మెట్లు దిగారు. లోపల చల్లగా, తడిగా ఉంది. రంగు దీపాలు పెట్టారు. పైనుంచి రాళ్ళు ఊడల్లా వేలాడుతున్నాయి. కింద నుంచి రాళ్ళు పుట్టల్లా లేచాయి. కొన్ని చోట్ల రెండూ కలిసి స్తంభాలయ్యాయి.

"ఎవరు చెక్కారు బాబూ?" అని అడిగింది పెద్దప్ప.

"ఎవరూ చెక్కలేదమ్మా. నీరే చెక్కింది" అన్నాడు గైడు.

అందరికీ అర్థమయ్యేలా చెప్పాడు. ఇది సున్నపు రాయి కొండ. వాన నీరు గాలిలోంచి, మట్టిలోంచి ఒక వాయువును కలుపుకుంటుంది. అప్పుడు నీటికి కొంచెం పులుపు వస్తుంది. ఆ నీరు సున్నపు రాయిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. లక్షల ఏళ్ళు అలా కరిగితే ఇంత గుహ ఏర్పడింది. కరిగిన సున్నం నీటితో పాటు కప్పు నుంచి చుక్కగా దిగుతుంది. చుక్క రాలేటప్పుడు రవ్వంత సున్నం అక్కడే అంటుకుంటుంది. మిగిలింది కింద పడి నేలకు అంటుకుంటుంది. అలా పైన ఊడ, కింద పుట్ట పెరుగుతాయి.

"నీళ్ళు కాచే తపేలాకి అడుగున తెల్లగా పొర పడుతుంది. అలాగన్న మాట" అంది చిన్నకోడలు.

"సరిగ్గా చెప్పారు" అన్నాడు గైడు.

ఒకామె చేయి చాచి చిన్న ఊడ కొన పట్టుకుంది. పూజలో పెట్టుకోవడానికి విరవబోయింది. గైడు గబగబా ఆపాడు.

"వద్దమ్మా. ఇది అంగుళం పెరగడానికి వంద ఏళ్ళ పైన పట్టవచ్చు. విరిస్తే మన మునిమనవలు కూడా మళ్ళీ చూడలేరు. చేత్తో తాకినా చేతి జిడ్డు అంటుకుంటుంది. అక్కడ సున్నం పట్టడం ఆగిపోతుంది. రాయి నల్లబడుతుంది."

ఆమె చేయి తీసేసింది.

లోపల ఒక చోట శివలింగం ఉంది. ఊరివాళ్ళు చెప్పుకునే కథ ఒకటి ఉంది. గుహ కప్పులో ఒక కంత ఉంది. ఒక రోజు మేస్తున్న ఆవు ఆ కంతలోంచి లోపల పడింది. కాపరి వెతుక్కుంటూ దిగాడు. ఆవు బతికే ఉంది. దాని దగ్గర శివలింగంలాంటి రాయి కనపడింది. ఆ ఆవు పొదుగు నుంచే నది పుట్టిందని చెబుతారు. గో అంటే ఆవు. స్తనం అంటే పొదుగు. అందుకే గోస్తని అయింది. గుహ కింద నుంచి నది పారుతుంది.

అప్పుడే పైనుంచి ఒక చుక్క రాలి పెద్దప్ప అరచేతిలో పడింది. ఆవిడ దాన్ని కళ్ళకు అద్దుకుంది.

"ఇదేనా మన ఊరికొచ్చే నీరు?"

"ఇదేనమ్మా. ఇక్కడి నుంచి తాటిపూడికి పోతుంది. మీ పొలాలకు వస్తుంది. విశాఖపట్నం నగరానికి తాగునీరు అవుతుంది. చివరికి భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది."

కొండ ఎవరిది?

బయటికి వచ్చి టీ తాగారు. అప్పుడు గైడు ఇంకో సంగతి చెప్పాడు.

ఈ చుట్టుపక్కల కొండల్లో కాల్సైటు వంటి ఖనిజాలు ఉన్నాయి. వాటిని తవ్వుకోవడానికి ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలకు లీజులు ఇచ్చింది. అనంతగిరి మండలంలోని గిరిజనుల భూములకు ముప్పు వచ్చింది. ఊళ్ళవాళ్ళు ఎదురు తిరిగారు. సమత అనే సంస్థ వాళ్ళ తరఫున కోర్టుకు వెళ్ళింది. హైకోర్టులో నెగ్గలేదు. అంతటితో ఊరుకోలేదు. సుప్రీంకోర్టుకు వెళ్ళింది.

1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం ఇవ్వకూడదు. అక్కడ ప్రభుత్వం కూడా గిరిజనేతరుడి లెక్కలోకే వస్తుందని కోర్టు అంది. ప్రభుత్వ సంస్థలు గానీ, గిరిజనుల సహకార సంఘాలు గానీ తవ్వుకోవచ్చు. దీన్ని సమత తీర్పు అంటారు.

"ఇంత పెద్ద మాట కాగితం మీద ఉంది. కానీ కాగితం దానంతట అది మాట్లాడదు. చదివి అడిగే వాళ్ళు ఉండాలి" అన్నాడు గైడు.

"కొండ మీద వాళ్ళ గొడవ మనకేటి అనుకునేదాన్ని" అంది వ్యానులో తప్పు మాట అన్నామె. "కొండ పోతే ముందు వాళ్ళ ఇల్లు పోతాది. తరవాత మన నీళ్ళు పోతాయి."

తిరుగు ప్రయాణం

చీకటి పడుతుండగా వ్యాను ఘాటు రోడ్డు దిగింది. పొద్దున్న తెచ్చిన పులిహోర కాగితాలు, ప్లాస్టిక్ కవర్లు ఒక సంచిలో వేసి లీడరమ్మ కాళ్ళ దగ్గర పెట్టుకుంది. "కొండ మీద పారేస్తే వానకి కొట్టుకొచ్చి మన చెరువులోకే వస్తాయి" అంది.

శృంగవరపుకోటలో దిగి, గైడుకు డబ్బులిచ్చి రసీదు తీసుకున్నారు. పెద్దప్ప రసీదు చదివి తల ఊపింది. గైడు భుజం మీద చేయి వేసి, "మా ఊరు రా బాబూ. నీ నది మా ఊళ్ళో ఎలాగుంటాదో నేను చూపిస్తాను" అంది.

మర్నాడు సాయంత్రం కేంద్రంలో పెద్దప్ప పలక తీసుకుంది. తడబడకుండా రెండు మాటలు రాసింది. ఒకటి, గోస్తని. రెండోది, పట్టా.

కొత్త మాటలు

సొరంగం: కొండను తొలిచి చేసిన దారి.
లోయ: రెండు కొండల మధ్య పల్లపు చోటు.
ఖనిజం: భూమిలోంచి తవ్వి తీసే విలువైన రాయి, లోహం.
లీజు: కొంత కాలానికి భూమిని వాడుకోవడానికి ఇచ్చే ఒప్పందం.
పట్టా: భూమి మీద హక్కు చూపే కాగితం.
గిరిజనేతరులు: గిరిజనులు కాని వాళ్ళు.

జవాబులు చెప్పండి

1. స్టేషను బోర్డు మీద అంకె దేన్ని చెబుతుంది?
2. గుహలో రాతి ఊడలు ఎలా పెరుగుతాయి? వాటిని ఎందుకు తాకకూడదు?
3. అటవీ హక్కుల పట్టా ఎవరెవరి పేరు మీద రాయాలి?
4. సమత తీర్పు ఏ సంవత్సరంలో వచ్చింది? అది ఏమి చెప్పింది?

చేసి చూడండి

ఒక గుడ్డు పెంకు మీద నిమ్మరసం పిండండి. బుడగలు వస్తాయి. పెంకులో ఉన్నది కూడా సున్నపు జాతి పదార్థమే. పులుపు దాన్ని కరిగిస్తుంది. బొర్రా కొండలో జరిగేది ఇదే. కాకపోతే అక్కడ చాలా నెమ్మదిగా జరుగుతుంది.

మాట్లాడుకోండి

మీ ఊరికి నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయి? అక్కడ ఎవరు ఉంటారు? వాళ్ళను గురించి మనం ఎలా మాట్లాడుకుంటాం?

మీ ఇంట్లో ఉన్న భూమి కాగితం, ఇంటి కాగితం తీసి చదవండి. అందులో మీ పేరు ఉందా? అర్థం కాని మాటలు ఉంటే రాసుకుని రేపు కేంద్రంలో అడగండి.